పెట్రోల్ ట్యాంకర్ మీద 'ఇన్‌ఫ్లేమబుల్' అని రాస్తారేంటి? అసలు ఈ 'ఇన్' అంటే లేదనా, ఉందనా?

గోదారిగట్టు

మొన్న ఆదివారం రాజమండ్రి నుంచి విజయవాడ వస్తూ ఏలూరు దాటాక ఒక పెట్రోల్ ట్యాంకర్ వెనక ఇరుక్కుపోయాం. పక్క లేన్‌లో రోడ్డు పని, ఓవర్‌టేక్ చేసే దారి లేదు, హనుమాన్ జంక్షన్ దాకా దాని తోక పట్టుకునే వచ్చాం. మా అమ్మాయి ఏడో తరగతి. కంటికి ఏది కనపడితే అది పైకి చదివే అలవాటు దానికి. ట్యాంకర్ వెనక ఎర్రటి పెద్ద అక్షరాలతో 'హైలీ ఇన్‌ఫ్లేమబుల్' అని ఉంటే చదివేసి, కాసేపు ఊరుకుని, "నాన్నా, ఇన్‌కరెక్ట్ అంటే కరెక్ట్ కాదు, ఇన్‌విజిబుల్ అంటే కనపడదు, మరి ఇన్‌ఫ్లేమబుల్ అంటే అస్సలు అంటుకోదనేగా? అంటుకోని దానికి దూరంగా ఉండమని ఎందుకు రాశారు?" అంది.

ఇంగ్లీషు అంతేలే తల్లీ అని తప్పించుకోబోయాను. ఊరుకుంటుందా? ఇన్‌వేల్యుబుల్ అంటే విలువ లేనిదా, ఎక్కువ విలువైనదా అని ఇంకోటి వేసింది. నేను డిగ్రీ దాకా ఇంగ్లీషు మీడియమే, పాతికేళ్లుగా ఆఫీసులో రోజూ ఇంగ్లీషులోనే మెయిళ్లు రాస్తున్నా, ఒక్కదానికీ సరిగ్గా జవాబు చెప్పలేకపోయాను. తెలిసినవాళ్లు కాస్త చెప్పండి. 'అది ఎక్సెప్షన్' అని మాత్రం దయచేసి రాయొద్దు, ఆ మాట నేను ఆల్రెడీ వాడేశాను, పని చేయలేదు.

సుధ_టీచర్

గోదారిగట్టు గారూ, మీ అమ్మాయి సరైన చోటే పట్టుకుంది. ముప్పై ఏళ్లు ఇంటర్ పిల్లలకి ఇంగ్లీషు చెప్పి రిటైరయ్యాను, ఈ ప్రశ్న నన్ను అడిగినవాళ్లు గట్టిగా నలుగురు ఉండరు.

అసలు విషయం ఏమిటంటే లాటిన్‌లో 'ఇన్' అనే ముక్కలు రెండున్నాయి. ఒకేలా రాస్తారు, ఒకేలా పలుకుతారు, కానీ రెంటికీ చుట్టరికం లేదు. ఒకటి 'కాదు, లేదు' అని చెప్పేది. ఇన్‌కరెక్ట్, ఇన్‌విజిబుల్, ఇన్‌జస్టిస్ అన్నీ ఆ బాపతు. రెండోది 'లోపలికి, లోన, మీదికి' అనేది. ఇంగ్లీషులో మామూలుగా వాడే 'ఇన్' దానికి చుట్టం. ఇంపోర్ట్ అంటే లోపలికి మోసుకురావడం, ఇన్‌జెక్ట్ అంటే లోపలికి విసరడం, ఇన్‌స్పైర్ అంటే లోపలికి ఊపిరి ఊదడం. లాటిన్‌లో ఫ్లమ్మా అంటే మంట. దాని ముందు ఈ రెండో ఇన్ చేర్చి 'ఇన్‌ఫ్లమ్మారే' అన్నారు, మంటల్లోకి నెట్టడం, రగిలించడం అని. ఇంగ్లీషు ఇన్‌ఫ్లేమ్ అదే. డాక్టర్లు ఇన్‌ఫ్లమేషన్ అంటారు చూడండి, ఒంట్లో ఒక చోట ఎర్రబడి మండినట్టు ఉంటుందే, అదీ అక్కడిదే. కాబట్టి ఇన్‌ఫ్లేమబుల్ అంటే రగిలించదగినది. ఫ్లేమబుల్‌కి ముందు 'కాదు' చేర్చి చేసిన మాట కాదది.

ఇక ఇన్‌వేల్యుబుల్‌లో ఉన్నది మొదటి ఇన్, లేదు అనేదే. అయితే లేనిది విలువ కాదు, విలువ కట్టడం. ఇంత అని వెల కట్టలేం, అంత గొప్పది అని.

నేను పిల్లలకి ఒక చిట్కా చెప్పేదాన్ని. మాట చివర ఉన్న 'అబుల్' తీసేయండి. మిగిలినది క్రియగా వాడుకలో ఉందా చూడండి. ఇన్‌ఫ్లేమబుల్‌లో అది తీస్తే ఇన్‌ఫ్లేమ్ మిగులుతుంది, అది క్రియే, కాబట్టి 'లోపలికి' ఇన్. ఇన్‌హాబిటబుల్‌లో తీస్తే ఇన్‌హాబిట్, అంటే నివసించు. కాబట్టి ఇన్‌హాబిటబుల్ అంటే నివసించదగినదే, నివసించలేనిది అనడానికి ముందు మళ్లీ ఒక 'అన్' తగిలించాలి. ఇన్‌వేల్యుబుల్‌లో తీస్తే ఇన్‌వేల్యూ... అలాంటి క్రియ లేదు. కాబట్టి అది 'లేదు' ఇన్. ఎందుకిలా పని చేస్తుందంటే లాటిన్‌లో కాదు అనే ఇన్ ఎక్కువగా విశేషణాలకే అంటుకునేది, క్రియలకి అంటుకున్నది చాలావరకు లోపలికి అనే ఇన్.

ట్యాంకర్_లెక్కలు

నేను ఆయిల్ డిపోలో పనిచేస్తా, లోడింగ్ సెక్షన్. మీరు చూసిన ట్యాంకర్ వెనకే ఇంకో బోర్డు ఉండి ఉంటుంది, గళ్లు గళ్లుగా, అందులో 1203 అని ఒక నంబరు. అది ఐక్యరాజ్యసమితి పెట్రోలుకి ఇచ్చిన నంబరు, డీజిల్‌కైతే 1202. ప్రమాదం జరిగితే ఫైరింజన్ వాళ్లు ముందు చూసేది ఆ నంబరే, ఎర్ర అక్షరాలు కాదు. మీ పాప అడిగిన డౌట్ ఉన్నవాళ్లు కూడా బతికి బట్టకట్టాలి కదా.

జోక్ కాదు, నిజంగానే ఈ గొడవ అయింది. 1920ల్లో అమెరికాలో నేషనల్ ఫైర్ ప్రొటెక్షన్ అసోసియేషన్ వాళ్లు, జనం ఇన్‌ఫ్లేమబుల్ అంటే అంటుకోదనుకుని సిగరెట్ వెలిగించేలా ఉన్నారని భయపడి, ఆ ఇన్ తీసేసి ఫ్లేమబుల్ అని రాయమని పోరు పెట్టారు. ఫ్లేమబుల్ అనే మాట అంతకు వందేళ్ల ముందు నుంచే ఉంది కానీ ఎవరూ పెద్దగా వాడేవాళ్లు కాదు. ఇప్పుడు ఎగుమతి దిగుమతుల డ్రమ్ముల మీద, కెమికల్ సీసాల మీద అదే ఉంటుంది. అంటుకోని దానికి నాన్‌ఫ్లేమబుల్. మన దగ్గర మాత్రం పాతదే నడుస్తోంది, చట్టం పేరే 'ఇన్‌ఫ్లేమబుల్ సబ్‌స్టెన్సెస్ యాక్ట్, 1952'.

మా డిపోలో కొత్తగా చేరిన హెల్పర్ కుర్రాడికి నేను ట్రైనింగ్ ఇచ్చేటప్పుడు ఈ ఇంగ్లీషు గోల పెట్టుకోను. "దీని దగ్గర ఫోన్ తీశావంటే ఇద్దరం ఫోటోల్లో ఉంటాం" అంటా. బాగానే అర్థమవుతుంది.

పాతనిఘంటువు

సుధ గారు ఇంగ్లీషు వైపు నుంచి చెప్పారు, నేను మన వైపు నుంచి వస్తాను. ఇన్‌వేల్యుబుల్ అర్థం కాలేదన్న అమ్మాయికి 'అమూల్యం' అర్థం అవుతుంది కదా? అ, మూల్యం. వెల లేనిది. మరి చెత్తకుప్పలో పారేసేదా? కాదే, వెల కట్టలేనిది. 'మీ అమూల్యమైన సలహా' అంటాం, 'మీ విలువ లేని సలహా' అనం. అనర్ఘ రత్నం అన్నా ఇదే లెక్క, అర్ఘం అంటే వెల. అచ్చంగా ఒకే రకం కట్టుబడి. రోజూ వాడుతున్నదే, ఇంగ్లీషులో కనపడేసరికి కొత్తగా అనిపిస్తుంది.

ఇది కాకతాళీయం కూడా కాదు. లాటిన్‌లోని 'లేదు' అనే ఇన్, గ్రీకులోని అ లేదా అన్, ఇంగ్లీషు సొంత మాటల ముందు వచ్చే అన్, సంస్కృతంలోని అ లేదా అన్, నాలుగూ ఒక తల్లి పిల్లలు. సంస్కృతంలో హల్లు ముందు అ, అచ్చు ముందు అన్ వస్తుంది కదా, న్యాయం అన్యాయం అయినట్టు, అంతం అనంతం అయినట్టు. గ్రీకులోనూ అదే నియమం. అందుకే అనీమియాలో అన్ ఉంది, ఎథీస్ట్‌లో ఒట్టి అ ఉంది. లాటిన్ వాడు ఫీనిస్ అంటే అంతం అనుకుని దాని ముందు ఇన్ పెట్టి ఇన్‌ఫినిటీ దాకా వచ్చాడు, మనం అంతం ముందు అన్ పెట్టి అనంతం అన్నాం.

ముందు ముక్కే కాదు, కొన్నిచోట్ల వెనక ముక్క కూడా చుట్టమే. ఇమ్మోర్టల్‌లోని మోర్ట్, మన మృత్యువులోని మృ ఒకటే. ఇమ్మోర్టల్, అమర్త్యుడు పక్కపక్కన పెట్టి చదవండి. గ్రీకు దేవతలు తినే అంబ్రోసియా కూడా ఈ కుటుంబమే, మన అమృతం లాగే. ఇగ్నోరెంట్‌లోని గ్నో, మన జ్ఞానంలోని జ్ఞా ఒకటే. ఇన్నోసెంట్ అంటే నోకేరే, అంటే హాని చేయడం, అది లేనివాడు. ఆ నోకేరే మన నాశనానికి దగ్గర బంధువు. ఎనిమీ అనే మాట చూస్తే అందులో ఇన్ ఉందని ఎవరైనా అనుకుంటారా? లాటిన్ అమీకుస్ అంటే స్నేహితుడు, దాని ముందు ఇన్ చేరి ఇనిమీకుస్ అయి, ఫ్రెంచి మీదుగా వచ్చేసరికి అరిగి ఎనిమీ అయింది. సంస్కృతంలో అమిత్రుడు అన్నా ఉత్త 'స్నేహితుడు కానివాడు' కాదు, శత్రువే.

ఇక్కడే ఇంకో మాట. 'అ' అంటే ఎప్పుడూ లేదు అనే అనుకోవడం తప్పు. మన వ్యాకరణం వాళ్లు దీన్ని నఞ్ అంటారు, దానికి ఆరు అర్థాలు లెక్కపెట్టి శ్లోకం కట్టారు: తత్సాదృశ్యమభావశ్చ తదన్యత్వం తదల్పతా, అప్రాశస్త్యం విరోధశ్చ నఞర్థాః షట్ ప్రకీర్తితాః. పోలిక, లేకపోవడం, వేరే కావడం, కొంచెమే ఉండడం, మంచిది కాకపోవడం, ఎదురు కావడం. అకాల వర్షం అంటే కాలం లేని వర్షమా? రాకూడని కాలంలో వచ్చి కల్లంలో ధాన్యం ముంచే వర్షం, అది అప్రాశస్త్యం. అధర్మం అంటే ధర్మం లేకపోవడం ఒక్కటే కాదు, ధర్మానికి ఎదురు తిరగడం, అది విరోధం. అనుదర అంటే పొట్ట లేని పిల్ల కాదు, సన్నని నడుము పిల్ల, అది అల్పత. ఇంగ్లీషు నిఘంటువులు ఇన్‌కి ఇన్ని గదులు కట్టలేదు, కట్టి ఉంటే ఇన్‌వేల్యుబుల్ గురించి ఇంత టెన్షన్ ఉండేది కాదు.

అన్నట్టు, అనారోగ్యం అనే మాటలో లేదు అన్నది రెండుసార్లు ఉంది, గమనించారా? రోగం లేనివాడు అరోగుడు, ఆ అరోగుడి తనం ఆరోగ్యం, అది లేకపోతే అనారోగ్యం. రోగం అని రెండక్షరాల్లో తేలిపోయేదాన్ని ఆఫీసు లీవ్ లెటర్ కోసం ఇంత దూరం తిప్పాం.

రాజు_బీటెక్

సూపర్ సార్. అంటే లాటిన్ సంస్కృతం నుంచే పుట్టిందన్నమాట. మా ఫ్యామిలీ గ్రూపులో వచ్చింది కరెక్టే.

పాతనిఘంటువు

రాజు గారూ, కాదు. నేను ఒక తల్లి పిల్లలు అన్నాను, తల్లీ కూతుళ్లు అనలేదు. 1786లో కలకత్తాలో విలియం జోన్స్ ఆసియాటిక్ సొసైటీ ముందు చెప్పింది కూడా ఇదే, సంస్కృతం, గ్రీకు, లాటిన్ ఒకే మూలం నుంచి వచ్చినవిలా ఉన్నాయి, ఆ మూలం ఇప్పుడు మిగిలి ఉండకపోవచ్చు అని. మీ పెదనాన్న పోలికలు మీ నాన్నలో ఉంటే పెదనాన్న మీ నాన్నకి తండ్రి అయిపోడుగా.

డల్లాస్_బాబాయి

నేను ఇక్కడ ఇమ్మిగ్రేషన్ కాగితాలతో పన్నెండేళ్లుగా కుస్తీ పడుతున్నవాణ్ని, కాబట్టి నా ఇన్ 'లోపలికి' ఇన్. ఇన్, మైగ్రేట్ కలిస్తే ఇమ్మిగ్రెంట్. మనం మన ఊరి నుంచి బయటికి పోయేటప్పుడు ఎమిగ్రెంట్, ఇక్కడ దిగేటప్పుడు ఇమ్మిగ్రెంట్, ఒకే మనిషికి విమానం ఎక్కేటప్పుడో పేరు, దిగేటప్పుడో పేరు.

సరే, ఇక్కడ సగం మంది ఇంజినీర్లే కాబట్టి ఇది చెప్తా. ఇంజినీరులో ఉన్నది కూడా ఈ ఇన్నే. లాటిన్‌లో ఇంగేనియుం అంటే పుట్టుకతో లోపల వచ్చిన తెలివి. ఇన్ అంటే లోపల, గెన్ అంటే పుట్టడం, మన జననంలోని జన్‌కి చుట్టం. ఆ తెలివితో చేసిన యంత్రం ఇంజిన్, దాన్ని నడిపేవాడు ఇంజినీరు. పుట్టుకతో తెలివి రావాలి అని మాటలోనే ఉంది, నాలుగేళ్లు కాలేజీకి ఫీజు కట్టించుకుని ఇస్తారని ఎక్కడా లేదు.

ఇంకోటి, ఇన్వెస్ట్‌మెంట్. దీనికి మా కృష్ణా జిల్లాతో లింకు ఉంది, అందుకే రాస్తున్నా. వెస్టిస్ అంటే బట్ట, మన వస్త్రంలోని వస్ దానికి తోబుట్టువు. ఇన్వెస్ట్ అంటే మొదట్లో బట్ట తొడగడం, పదవిలో కూర్చోబెట్టేటప్పుడు రాజవస్త్రాలు కప్పడం. డబ్బు అర్థం ఇంగ్లీషులోకి వచ్చింది 1600ల మొదట్లో, అదీ తూర్పు దేశాల వ్యాపారం రాతకోతల్లో. ఇటాలియన్ వర్తకుల వాడకం నుంచి తీసుకున్నారని అంటారు, డబ్బుకి సరుకు రూపంలో కొత్త బట్ట తొడగడం అనే ఊహతో. 1611లో ఈస్టిండియా కంపెనీ వాళ్లు మచిలీపట్నంలో ఫ్యాక్టరీ పెట్టారు, ఫ్యాక్టరీ అంటే పొగగొట్టాలున్నది కాదు, కొనుగోళ్ల కొట్టు. ఇండియాలో కొనే సరుకునే కంపెనీ లెక్కల్లో ఇన్వెస్ట్‌మెంట్ అని రాసేవాళ్లు, మన తీరంలో ఆ సరుకు ముఖ్యంగా ఏంటి? బట్టే. మాటలో ఉన్న బట్ట, మూటలో ఉన్న బట్ట ఒక చోట కలిసింది మా బందరు రేవులో.

అజ్ఞాత

లాగిన్ అవ్వడం బద్ధకం, ఇలాగే రాస్తున్నా. సుధ గారూ, మీ చిట్కాకి రెండు మూడు మాటలు లొంగవు. ఇన్‌కెపాసిటేట్, ఇన్‌వాలిడేట్, ఇమ్మొబిలైజ్. మూడూ క్రియలే, మూడింటిలోనూ 'లేదు' ఇన్నే కదా?

ఇంకో డౌట్. ఇంపాసిబుల్‌లో ఇమ్ ఎందుకు, ఇల్లీగల్‌లో ఇల్ ఎందుకు? ఇవి వేరే ప్రిఫిక్సులా?

సుధ_టీచర్

అజ్ఞాత గారూ, బాగా పట్టారు. అయితే ఆ మూడూ క్రియకి ఇన్ తగిలిస్తే పుట్టినవి కావు. ముందు ఇన్‌వాలిడ్ అనే విశేషణం వచ్చింది, తర్వాత దాన్ని క్రియ చేశారు. చిట్కా చివర అబుల్ ఉన్న మాటలకి చెప్పింది, దాన్ని మీరు బజారంతా తిప్పుతున్నారు. కానీ పూర్తిగా గట్టి చిట్కా అని నేనూ అనను, ఎందుకంటే రోమన్లకే ఈ తికమక ఉండేది. లాటిన్‌లో ఇన్‌హాబిటారే అంటే నివసించడం, కానీ ఇన్‌హాబిటాబిలిస్ అంటే నివసించలేని చోటు! ఒక పాత రోమన్ హాస్యనాటకంలో పిలవని విందులకి పోయి తినే పాత్ర ఒకటుంది, మన పిలవని పేరంటం బాపతు. కుర్రాళ్లు పాచికలు వేసేటప్పుడు ప్రియురాలి పేరు తలుచుకుంటారు, అంటే ఆమె 'ఇన్వొకాటా', పేరు పెట్టి పిలవబడినది. నేనూ విందులో 'ఇన్వొకాటుస్'నే, అంటే పిలవనివాణ్ని, కాబట్టి నాకూ వాళ్ల పేరే పెట్టారు అంటాడు. రెండు ఇన్‌లనీ ఢీకొట్టించిన జోకు అది, రెండువేల రెండొందల ఏళ్ల నాటిది.

ఇమ్, ఇల్, ఇర్ వేరే ఏం కాదు, ఇన్నే పక్క అక్షరాన్ని చూసి వేషం మార్చుకుంటుంది. ప, బ, మ ముందు ఇమ్, ల ముందు ఇల్, ర ముందు ఇర్. తెలుగువాళ్లకి దీన్ని వివరించడం చాలా సులువు. 'సంపద' అనండి, 'సంతోషం' అనండి. రెండింటిలోనూ రాసేది సున్నానే, కానీ మొదటిదాంట్లో పెదాలు కలిసి మ్ వస్తుంది, రెండోదాంట్లో నాలుక పళ్లకి తగిలి న్ వస్తుంది. మనకి సున్నా ఉంది కాబట్టి అన్నీ అందులో దాచేశాం, రోమన్లకి సున్నా లేదు కాబట్టి ఏది పలికితే అది రాసుకున్నారు. ల సంగతి అంటారా, ఉత్ పక్కన లాసం వస్తే ఉల్లాసం అవుతుంది, తత్ పక్కన లీనం వస్తే తల్లీనం అవుతుంది. ఇల్లీగల్ కూడా ఆ సంధే అనుకోండి.

ఇంతకీ మీ పేరు గురించి ఎవరూ రాయలేదు. అజ్ఞాత, లాటిన్ ఇగ్నోటుస్, ముక్కకి ముక్క ఒకటే మాట, తెలియనివాడు అని. ఇంగ్లీషులో వాళ్ల సొంత మాటల్లో దీని జోడీ అన్‌కూత్. పాతకాలంలో తెలియని, పరాయి అనే అర్థం. తెలియనివాడు మనకి ఎప్పుడూ మోటుగానే కనపడతాడు కాబట్టి ఇప్పుడు మోటు, మర్యాద తెలియని అనే అర్థం మిగిలింది. మిమ్మల్ని అనడం లేదు.

అజ్ఞాత

అన్నారులెండి.

మానుకోట_మల్లన్న

ఇంతసేపు సంస్కృతం, లాటిన్ అంటున్నరు, అచ్చ తెలుగు సంగతి ఎవరూ ఎత్తరేంది? మన సొంత మాటలకు ముందు ఏమీ తగలదు, ఏమున్నా వెనుకనే. ఇన్‌కాంపిటెంట్ అంటే మనకు చేతకానివాడు. ఇన్‌ఫినిట్ అంటే ఎడతెగని, అంతులేని. యూజ్‌లెస్ అంటే పనికిరాని. తెలియని, తీరని, చెప్పరాని, చూడని, అన్నీ తోక దగ్గరే తిరుగుతయి. ద్రావిడ భాషల తీరే అది. మద్రాసులో ఎల్లిస్ దొర 1816లో తెలుగు సంస్కృతం నుంచి పుట్టలేదు, తమిళం, కన్నడం దానికి తోబుట్టువులు అని రాసింది ఇట్లాంటి తేడాలు ఉన్నందుకే. అందుకే ఎవరైనా అచ్చ తెలుగు మాట ముందు అ తగిలిస్తే చెవికి కొడుతది. 'అచెట్టు' అని, 'అఇల్లు' అని ఎవరన్నా అంటరా?

ఇగ మా దిక్కు ఇంకో పంక్తి కూడా ఉంది. బేకార్, బేఫికర్, బేవారస్, గైర్‌హాజర్, లాజవాబ్. బే ఫార్సీ, గైర్, లా అరబ్బీ, మూడూ ఉర్దూ బండెక్కి వచ్చినయి. అసలు గమ్మత్తు ఏందంటే ఇవి తెచ్చుకున్నప్పుడు మాటతో పాటు ప్యాకెట్‌గా తెచ్చుకున్నం, విడిగా బే తీసి మన మాటకు అతికియ్యలేదు. ఆఫీసులో గైర్‌హాజర్ అంటం, ఇంట్లో రాలేదు అంటం.

రాజు_బీటెక్

మల్లన్న గారు, మా హాస్టల్‌లో 'అన్‌తిని పడుకున్నా' అనేవాడొకడు ఉండేవాడు. ఇంగ్లీషు అన్, తెలుగు తిని. వాడు ఇప్పుడు డేటా సైంటిస్టు.

గోదారిగట్టు

అందరికీ చాలా థాంక్స్. రాత్రి అన్నాల దగ్గర మొత్తం చదివి వినిపించా. మా ఆవిడ అమూల్యం దగ్గర, మా అమ్మ అనారోగ్యం దగ్గర ఆగారు. "రెండుసార్లు లేదంటే ఉన్నట్టే కదరా, అందుకే నా మోకాళ్లు తగ్గట్లేదు" అంది అమ్మ.

మా అమ్మాయి మాత్రం చెయ్యి కడుక్కుని వచ్చి తెలుగు పుస్తకం ముందేసుకుని కూర్చుంది. ఒక కాగితం మీద రెండు వరసలు రాసింది. ఒక వైపు అనుచితం, అనుపమ, అనుత్తీర్ణత. ఇంకో వైపు అనుచరుడు, అనుభవం, అనుమానం, అనుదినం. "నాన్నా, ఇంగ్లీషులోనే కాదు, మనకీ రెండు ఉన్నాయి. ఇటువైపువి అన్, తర్వాత ఉచితం, ఉపమ, ఉత్తీర్ణత. అటువైపువి అను, అంటే వెనకాలే, వెంట. అనుచరుడు అంటే చరుడు కానివాడు కాదు, వెంట తిరిగేవాడు. ట్యాంకర్ లాంటి మోసమే ఇదీ" అంది. అనుపమ వాళ్ల క్లాస్‌మేట్ పేరట, రేపు స్కూల్లో ఆ పిల్లకి 'నీకు పోలిక లేదు' అని చెప్తుందట. పొగడ్తో తిట్టో ఆ పిల్లే తేల్చుకోవాలి.

అయితే ఒక మాట దగ్గర ఆగిపోయింది, నేనూ ఆగిపోయా. 'అనగనగా ఒక రాజు'లో అనగనగా ఏ వరసలో రాయాలి? ఇటా, అటా?

సుధ_టీచర్

రెండు వైపులా కాదండీ. అది 'అను' అనే క్రియ, అనడం, చెప్పడం. అనగా, అనగా. పాపని మూడో వరస గీయమనండి, అందులో ఇంకేం రాయాలో మల్లన్న గారు చెప్తారు.